కారు షెడ్డులో గచ్చు: కుంగకుండా, బీటలు వారకుండా కాంక్రీటు వేయించుకోవడం ఎలా

మా ఇల్లు విజయనగరం శివార్లలో ఉంది. ఒకప్పుడు వరి పండిన పొలాన్ని మెరక చేసి వేసిన లేఅవుట్ అది. ఇల్లు కట్టినప్పుడే కారు షెడ్డులో గచ్చు కూడా వేయించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి కారు ఎడమ చక్రాలు నిలిచే చోట గచ్చు అంగుళం కిందికి దిగింది. ఆ పల్లంలో ఎప్పుడూ నీరు నిలిచేది. మూడో ఏడు గేటు నుంచి వెనక గోడ దాకా ఒక బీట పాకింది. పగలగొట్టించి చూస్తే పైన కాంక్రీటు మూడంగుళాలు కూడా లేదు, దాని కింద అరచెయ్యి దూరేంత ఖాళీ. మట్టి కుంగిపోయి గచ్చు ఆధారం లేకుండా వేలాడుతోంది. సిమెంటు తక్కువ వేశారని అన్నాళ్లూ అనుకున్నాను. అసలు లోపం కింద దిమ్మిస కొట్టని మట్టిలో ఉంది.

రెండోసారి దగ్గరుండి చేయించాను. గచ్చు నిలవాలంటే మూడు విషయాలు సరిగా జరగాలి: కింద నేల గట్టిపడాలి, మాలులో, అంటే కలిపిన కాంక్రీటులో, నీళ్లు మితంగా ఉండాలి, పోసిన తర్వాత తడుపు ఆగకూడదు. ఈ మూడింటికీ పెద్దగా ఖర్చు లేదు, కానీ మీరు పక్కన నిలబడి ఉండాలి. కింద రాసిన లెక్కలన్నీ 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డుకి. మీ కొలతకి తగ్గట్టు మార్చుకోండి.

పగలగొట్టాలా, అతుకు వేస్తే సరిపోతుందా

పాత గచ్చు ఉంటే ముందు దాన్ని పరీక్షించండి. చిన్న సుత్తి తీసుకుని అడుగుకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట "టక్" అని పొట్టిగా మోగుతుంది. డొల్లగా ఉన్న చోట కుండ మీద కొట్టినట్టు బోలుగా వినిపిస్తుంది. అలాంటి చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీయండి. తర్వాత బీటకి అటూ ఇటూ వేలితో తడమండి. రెండు వైపులా ఒకే మట్టంలో ఉంటే అది కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుని వచ్చిన బీట. శుభ్రం చేసి క్రాక్ ఫిల్లర్ పెడితే చాలు. ఒక వైపు దిగి, వేలికి మెట్టులా తగిలిందంటే కింద నేల కుంగింది. దాని మీద ఎంత సిమెంటు పూసినా ఒక్క వానాకాలం దాటదు. పైన టైల్స్ వేస్తే టైల్స్ కూడా పగులుతాయి. గీసిన గుర్తులు షెడ్డులో మూడో వంతు దాటితే అతుకుల ఆలోచన మానేసి మొత్తం తీయించడమే మంచిది.

ఏ నెలలో పెట్టుకోవాలి

సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా మన వైపు ఈ పనికి అన్నిటికన్నా మంచి కాలం. నవంబరు చివరి నుంచీ మొదలుపెట్టొచ్చు కానీ పండక్కి ముందు మేస్త్రులు దొరకడం కష్టం. అక్టోబరులో మాత్రం వద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది. తవ్వి పెట్టిన గుంతలోకి తుపాను నీళ్లు చేరితే కొట్టిన దిమ్మిసంతా బురదైపోతుంది. విజయనగరంలో అయితే ఆ రోజుల్లోనే పైడితల్లమ్మ సిరిమానోత్సవం కూడా ఉంటుంది, ఆ వారంలో పనికి మనుషులు రారు.

రోహిణి కార్తెలో తప్పనిసరై చేయాల్సి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిది లోపు పోయడం ముగించండి. షెడ్డుకి పైకప్పు లేకపోతే ముందే టార్పాలిన్ కట్టండి. ఎండ, వేడిగాలి కలిస్తే గచ్చు పైపొర ముందే ఆరిపోయి, గంటలోనే వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

పగలగొట్టి తవ్వడం

పాత గచ్చు తీయడానికి కరెంటు బ్రేకర్ అద్దెకి దొరుకుతుంది. ఇద్దరు మనుషులు ఒక పూటలో ముగిస్తారు. మొదలుపెట్టే ముందు నీళ్ల పైపు, డ్రైనేజీ పైపు, బోరు మోటారు కేబులు, ఎర్తు తీగ ఎటు నుంచి వెళ్లాయో గోడల మీద గుర్తు పెట్టుకోండి. మీకు తెలియకపోతే ఇల్లు కట్టిన ప్లంబర్ని పిలిచి అడగండి. కళ్లద్దాలు, బూట్లు లేకుండా బ్రేకర్ పట్టనివ్వకండి.

పగిలిన ముక్కల్ని అలాగే గుంతలోకి తోసేసి పైన మట్టి కప్పడం చాలా చోట్ల చూశాను. పెద్ద ముక్కల మధ్య ఖాళీలు మిగిలి, మట్టి మెల్లగా వాటిలోకి జారి, మళ్లీ అదే కుంగుడు మొదలవుతుంది. వాడుకోవాలంటే పిడికిలి కన్నా చిన్నగా కొట్టించి, గ్రావెల్‌తో (ఎర్ర మొరం మట్టితో) కలిపి పరచండి. లేదంటే బయటికి పంపేయండి.

ఎంత లోతు తవ్వాలో పై నుంచి లెక్కేయండి. గచ్చు 5 అంగుళాలు, పీసీసీ (గచ్చు కింద వేసే ఇనుము లేని కాంక్రీటు) 3 అంగుళాలు, గ్రావెల్ 8 అంగుళాలు. అంటే గచ్చు పైమట్టం నుంచి 16 అంగుళాల కిందికి గట్టి నేల ఉండాలి. గచ్చు ఎలాగూ రోడ్డు కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి నిజంగా తవ్వాల్సింది అంతకన్నా తక్కువే.

నేల: తొందరపడకూడని చోటు

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎక్కువగా ఎర్ర నేలలే. వాటితో పెద్దగా ఇబ్బంది లేదు. అక్కడక్కడ తగిలే నల్లరేగడితోనూ, చెరువు మట్టితో మెరక చేసిన స్థలాలతోనూ జాగ్రత్తగా ఉండాలి. రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెర్రెలు విడుస్తుంది. దాని మీద గచ్చు ఏటా ఒకసారి లేచి ఒకసారి దిగుతుంది. అలాంటి మట్టి తగిలితే ఇంకో అడుగు లోతు తవ్వి తీయించి, ఆ మేరకి ఎర్ర గ్రావెల్ నింపించండి. సముద్రం పక్క ఊళ్లలో, భోగాపురం, కళింగపట్నం, బారువ వైపు, నేల ఇసుక నేల. అది తడిపి దిమ్మిస కొడితే బాగానే సర్దుకుంటుంది.

తవ్విన గుంత అడుగు చదును చేసి ముందు దాన్నే దిమ్మిస కొట్టించండి. తర్వాత గ్రావెల్‌ని ఒకేసారి ఎనిమిది అంగుళాలు పోయకూడదు. ఐదంగుళాల మందాన పరిచి, తడిపి, అది నాలుగంగుళాలకి దిగేదాకా కొట్టాలి. తర్వాత రెండో పొర. దిమ్మిస దెబ్బ పైన నాలుగైదు అంగుళాల కన్నా కిందికి చేరదు కాబట్టి మందంగా పోస్తే పైపొర మాత్రమే గట్టిపడి, అడుగు వదులుగా మిగిలిపోతుంది. మా పాత గచ్చు కింద జరిగింది అదే. పెట్రోలు ఇంజనుతో నడిచే ప్లేట్ కాంపాక్టర్ అద్దెకి దొరికితే తెప్పించండి, చేతి దిమ్మిసకన్నా ఎంతో నయం. గోడ మూలల్లో మాత్రం చేతి దిమ్మిసే వాడాలి.

తడి ఎంత ఉండాలి? గ్రావెల్ గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ఉండలా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ఆ ఉండని నడుమెత్తు నుంచి నేల మీద వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిలా రాలిపోతే ఇంకాస్త తడపాలి. ముద్దలా అతుక్కుంటే ఒక పూట ఆరనివ్వాలి. "నీళ్లు నింపి రెండ్రోజులు వదిలేస్తే అదే కుంగుతుంది" అనే మాట వినిపిస్తుంది. ఇసుకకి అది పనికొస్తుంది. బంకమట్టి కలిసిన గ్రావెల్‌కి నీళ్లు నింపితే బురదవుతుంది తప్ప గట్టిపడదు.

పని అయ్యాక నేనొక పరీక్ష చేశాను. 10 ఎంఎం ఊచ తీసుకుని, రెండు చేతులతో బలం కొద్దీ నేలలోకి పొడిచాను. అంగుళం దిగి ఆగిన చోట వదిలేశాను. మూడంగుళాలు దిగిన చోట మళ్లీ కొట్టించాను. అలాంటివి రెండు చోట్ల తగిలాయి, రెండూ గోడ వారనే. మీరూ గోడ వారల్ని, స్తంభాల చుట్టూ ప్రత్యేకంగా చూడండి. పునాది తవ్వినప్పుడు వదులైన మట్టి అక్కడే ఉంటుంది.

చెదల మందు కొట్టించేది కూడా ఇప్పుడే, గ్రావెల్ మీద. బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉంటే ఆ వైపు కొట్టనివ్వకండి. ఇంకో మాట: గచ్చు కింద నుంచి ఒక ఖాళీ పీవీసీ పైపు గోడ నుంచి గోడకి వేసి, రెండు చివర్లా మూత పెట్టి ఉంచండి. రేపు విద్యుత్ కారు కొంటే చార్జింగు తీగ దాంట్లోంచి లాగవచ్చు, గచ్చు కోయక్కర్లేదు.

మట్టం, వాలు

గచ్చు రోడ్డు కన్నా కనీసం ఆరంగుళాలు ఎత్తులో ఉండేలా చూసుకోండి. కాలనీల్లో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తారు, రోడ్డు లేస్తుంది, షెడ్డులు పల్లమవుతాయి. ఆ ఎత్తు లేకపోతే ఐదారేళ్లకి వీధి నీళ్లు మీ గచ్చు మీదకి వస్తాయి. అదే సమయంలో ఇంటి గడప కన్నా నాలుగంగుళాలైనా కిందికి ఉండాలి.

వాలు వెనక గోడ నుంచి గేటు వైపు ఉండాలి. వందకి ఒకటి చాలు. 20 అడుగులకి సుమారు రెండున్నర అంగుళాలు వస్తుంది. కంటి అంచనా నమ్మకండి. పారదర్శకంగా ఉండే లెవెల్ గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి, వెనక గోడ మీద ఒక గుర్తు, గేటు స్తంభం మీద ఒక గుర్తు పెట్టండి. గేటు దగ్గర గుర్తుని రెండున్నర అంగుళాలు దించండి. రెంటి మధ్య రంగుపొడి తాడు లాగి కొడితే గోడ పొడవునా గీత పడుతుంది. పోసేటప్పుడు మేస్త్రికి ఆ గీతే ఆధారం.

పీసీసీ, షీటు, ఇనుము

దిమ్మిస కొట్టిన నేల మీద 1:4:8 పాళ్లలో (ఒక పాలు సిమెంటు, నాలుగు ఇసుక, ఎనిమిది పిక్క, అంటే కంకర) 40 ఎంఎం పిక్కతో మూడంగుళాల పీసీసీ వేయండి. మన షెడ్డుకి 5 బస్తాల సిమెంటు పడుతుంది. రెండు రోజులు తడిపి ఆరనివ్వండి. దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, అతుకుల దగ్గర అర అడుగు ఒకదాని మీదకి ఒకటి రానిచ్చి టేపు వేయండి. పొలం నేలల్లో కింది చెమ్మ పైకి రాకుండా ఆపేది ఇదే. పాత గచ్చు మీద తెల్లటి ఉప్పు పొడి తేలుతూ ఉండేదా? అయితే షీటు తప్పనిసరి.

గచ్చు గోడల్ని, స్తంభాల్ని తాకకూడదు. చుట్టూ అర అంగుళం మందం థర్మోకోల్ పట్టీలు నిలబెట్టి అంటించండి. ఎండకి గచ్చు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే స్తంభం మూల నుంచే బీట బయల్దేరుతుంది. మీ ఊళ్లో ఏ పాత షెడ్డులోనైనా చూడండి, బీటలు ఎక్కువగా స్తంభం మూలల్లోనే పుట్టి ఉంటాయి.

ఇనుము అవసరమా అని అందరూ అడుగుతారు. ఒక్క కారుకి, కింద నేల బాగా కుదిరితే, ఐదంగుళాల గచ్చు ఇనుము లేకుండా నిలుస్తుంది. ఇనుము బీటని రాకుండా ఆపదు. వచ్చిన బీట వెడల్పు కాకుండా పట్టి ఉంచుతుంది. మా ఇంట్లో నేల మెరక చేసింది కాబట్టి నేను వేయించాను. 8 ఎంఎం ఊచలు, 8 అంగుళాల దూరంలో, రెండు వైపులా. మొత్తం 80 కిలోలు వచ్చింది. వేయిస్తే మాత్రం సరైన ఎత్తులో ఉండాలి. ఊచలు కట్టిన జాలీని షీటు మీద పరిచేసి, "పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం" అంటారు. లాగిన చోట లేస్తుంది, మనిషి అడుగు వేయగానే మళ్లీ దిగుతుంది. అడుగున పడుకున్న ఇనుము మీద పెట్టిన డబ్బు వృథా. జాలీని ఎత్తి పట్టే ఊచ కాళ్లు, అంటే మూడంగుళాల ఎత్తు చెయిర్లు, రెండు అడుగులకి ఒకటి చొప్పున పెట్టించండి. వాటి కాళ్లు షీటుని చింపకుండా కింద పాత టైలు ముక్క పెట్టండి.

20 అడుగుల మధ్యలో, అంటే 10వ అడుగు దగ్గర, తర్వాత ఒక గీత కోస్తాం. జాలీ ఆ గీతకి అటూ ఇటూ ఆగిపోవాలి, దాటకూడదు. దాటేది నున్నటి 12 ఎంఎం ఊచలు మాత్రమే: 16 అంగుళాల పొడవు, అడుగుకొకటి, గచ్చు మందానికి సరిగ్గా మధ్యలో. ఒక్కో ఊచకి సగం దాకా గ్రీజు పూయాలి. గ్రీజు ఉన్న సగం కాంక్రీటులో జారుతుంది కాబట్టి గీత తెరుచుకునేందుకు వీలుంటుంది. ఒక భాగం దిగి ఇంకోటి పైకి నిలవకుండా కూడా ఇదే ఆపుతుంది.

సరుకు

ఐదంగుళాల గచ్చుకి 83 సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) కాంక్రీటు కావాలి. 1:1½:3 పాళ్లలో, అంటే ఎం20 అనే బలం గ్రేడు కాంక్రీటుకి, సిమెంటు 19 బస్తాలు, ఇసుక 35 సీఎఫ్‌టీ, 20 ఎంఎం పిక్క 70 సీఎఫ్‌టీ పడుతుంది. వృథాకి కలుపుకుని 21 బస్తాలు, 40 ఇసుక, 78 పిక్క తెప్పించండి. పీసీసీకి 5 బస్తాలు, 24 సీఎఫ్‌టీ ఇసుక, 47 సీఎఫ్‌టీ 40 ఎంఎం పిక్క వేరే. పిక్క అంటే ఇక్కడ కంకరే. బయటి జిల్లాల మేస్త్రితో మాట్లాడేటప్పుడు కంకర అనే చెప్పండి. రెడీమిక్స్ లారీ ఇంత కొద్ది పనికి గిట్టదు. పక్కింటి వాళ్లతో కలిసి వేయించుకుంటే ఆలోచించొచ్చు.

సిమెంటు పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) గానీ, విశాఖ ఉక్కు స్లాగ్‌తో (కొలిమి చిట్టెంతో) మనకి బాగా అలవాటైన స్లాగ్ సిమెంటు గానీ తీసుకోండి. తీరం దగ్గర స్లాగ్ సిమెంటు ఇంకా మంచిది, ఉప్పుని బాగా తట్టుకుంటుంది. ఇవి మామూలు 53 గ్రేడు కన్నా నెమ్మదిగా గట్టిపడతాయి కాబట్టి ఎక్కువ రోజులు తడపాలి. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటినవి వద్దు. చెయ్యి లోపలికి పెడితే చల్లగా, మెత్తగా తగలాలి, గడ్డలు ఉండకూడదు.

నాగావళి ఇసుకైనా, వంశధార ఇసుకైనా లారీ వచ్చింది కదా అని దింపుకోవద్దు. ఒక గాజు గ్లాసులో సగం దాకా ఇసుక వేసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు నింపి, మూత పెట్టి బాగా గిలకొట్టి మూడు గంటలు కదల్చకుండా ఉంచండి. ఇసుక అడుగున కూర్చుంటుంది, దాని మీద బుసక (మెత్తని ఒండ్రు) సన్నని పొరలా తేలుతుంది. ఆ పొర మందం ఇసుక మందంలో 8 శాతం దాటితే, అంటే పది సెంటీమీటర్ల ఇసుక మీద ఎనిమిది మిల్లీమీటర్లు దాటితే, ఆ ఇసుక కడగాలి, లేదా వెనక్కి పంపాలి. సముద్రపు ఇసుక చవకగా వచ్చినా ముట్టుకోవద్దు.

నీళ్ల సంగతి కూడా అంతే. ఇనుము ఉన్న కాంక్రీటుకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. తీరం ఊళ్లలో బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలితే ఇంకే పరీక్షా అక్కర్లేదు, ట్యాంకరు తెప్పించండి.

కలపడం

పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. గమేళాలతో కొలిస్తే ఒక్కో మనిషి ఒక్కోలా నింపుతాడు. బదులుగా ఒక ఫర్మా (కొలత పెట్టె) చేయించండి: లోపలి కొలత 40 సెంటీమీటర్లు పొడవు, 35 వెడల్పు, 25 ఎత్తు. సరిగ్గా 35 లీటర్లు, అంటే ఒక బస్తా సిమెంటు అంత. బస్తాకి ఒకటిన్నర ఫర్మా ఇసుక, మూడు ఫర్మాలు పిక్క. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి ఎక్కువ కనిపిస్తుంది, ఒక్కోసారి నాలుగో వంతు దాకా. అప్పుడు ఫర్మా కాస్త గుమ్మటంగా నింపండి.

బస్తాకి నీళ్లు 25 లీటర్లు దాటకూడదు. ఇసుకలో తడి ఉంటే ఇంకో మూడు నాలుగు లీటర్లు తగ్గించండి. నేను గుర్తు గీసిన బకెట్ ఒకటి మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) పక్కన పెట్టి, పైపు తీయించేశాను. మొదటి రెండు మిక్సులు అయ్యాక మేస్త్రి వచ్చి, "ఏటి బాబూ, ఇంత గట్టిగుంటే తాపీ ఎలా ఆడుద్ది? ఒక్క బకెట్టు పొయ్యనీయండి" అన్నారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, పనిలో ఆయనకి పేరుంది. ఆయన చెప్పిన ఇబ్బంది నిజమే. పల్చటి మాలు సులువుగా పరుచుకుంటుంది, కూలీల నడుం విరగదు. కానీ సిమెంటుకి అక్కర్లేని ఆ నీరంతా తర్వాత ఆవిరై పోతుంది, అది ఉన్న చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. గచ్చు దుమ్ము రాలడం, నూనె మరక లోపలికి ఇంకడం, బీటలు వారడం, అన్నీ అక్కడి నుంచే. అందుకే ముందే తెచ్చి పెట్టుకున్న ప్లాస్టిసైజర్ డబ్బా ఇచ్చాను. డబ్బా మీద రాసినంత కొలిచి నీళ్లలో కలిపితే, అదే 25 లీటర్లతో మాలు జారింది. ఆయన కూడా ఒప్పుకున్నారు. మీరూ ఆ డబ్బా ముందే కొని ఉంచుకోండి. పని మధ్యలో వాదన పెట్టుకోవడం కన్నా అది మంచిది.

మిల్లర్‌లో కనీసం రెండు నిమిషాలు తిప్పాలి. దించిన మాలు అరగంటలో వాడేయాలి. గట్టిపడ్డ మాలులో నీళ్లు చల్లి మళ్లీ కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కూలీలకి రబ్బరు చేతితొడుగులు, గమ్‌బూట్లు ఇవ్వండి. సిమెంటు పాలు చర్మాన్ని కాలుస్తాయి, మోకాళ్ల మీద కూర్చుని పనిచేసే వాళ్లకి సాయంత్రానికి పుండ్లు పడతాయి.

పోయడం, చదును చేయడం

వెనక గోడ దగ్గర మొదలుపెట్టి గేటు వైపు రండి. ఒక చోట కుప్ప పోసి పారతో దూరం లాగితే పిక్క ఒక పక్క, పాలు ఒక పక్క పోతాయి. కావాల్సిన చోటే దించండి. కాంక్రీటుని అదిలించి గాలి బుడగలు తీసే వైబ్రేటర్ నీడిల్ ప్రతి అడుగున్నరకీ ఒకసారి పెట్టి, బుడగలు ఆగగానే తీసేయండి. తర్వాత ఇద్దరు మనుషులు అల్యూమినియం బద్దని గోడ గీతల ఆధారంగా రంపంలా ఆడిస్తూ లాగాలి. చెక్క తాపీతో ఒకసారి సర్దితే ఆ పూటకి చాలు.

ఇప్పుడు ఆగాలి. పైకి నీరు తేలి గచ్చు మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా ఎవరూ తాపీ పెట్టకూడదు. చలికాలంలో రెండు మూడు గంటలు పట్టొచ్చు, ఎండలో గంట. బొటనవేలితో నొక్కితే పావు అంగుళం కన్నా దిగకుండా గుర్తు పడాలి, వేలికి తడి అంటకూడదు. అప్పుడు ఇనప తాపీ.

చాలామంది ఈ ఆగడం ఓర్చుకోలేక, తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి రుద్దేస్తారు. అప్పటికి అద్దంలా నిగనిగలాడుతుంది. మా పాత గచ్చు అలాంటిదే. ఏడాది తిరిగేసరికి కారు చక్రం మలుపు తిరిగే చోట గోరుతో గీకితే అప్పడంలా పలచని పొర లేచి వచ్చేది, దాని కింద బూడిద రంగు పొడి. పొడి సిమెంటు బస్తా ఆ సమయంలో షెడ్డు దగ్గర లేకుండా చూడండి.

గేటు వైపు ఐదారు అడుగుల మేర కొబ్బరి ఈనెల చీపురుతో అడ్డంగా ఒక్కసారి తేలికగా లాగించండి. సన్నని గరుకు గీతలు పడతాయి. వానలో తడిసిన చక్రం, తడి చెప్పు జారకుండా ఉంటుంది.

గీత కోయడం

కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకోక తప్పదు. ఎక్కడ విడాలో మనం చెప్పకపోతే అదే వంకరగా విడుతుంది. కోత మిషను ముందు రోజే మాట్లాడి ఉంచుకోండి. మధ్యలో, నున్నటి ఊచలు పెట్టిన చోట, అంగుళంపావు లోతు, అంటే మందంలో నాలుగో వంతు కోయాలి. ఆ చోటు ఎక్కడో పోయకముందే రెండు గోడల మీదా గుర్తు పెట్టుకోండి. వేసవిలో ఉదయం పోస్తే అదే రాత్రి, చలికాలంలో మర్నాడు ఉదయం. బ్లేడు పెట్టగానే అంచుల్లో పిక్క ఊడొస్తుంటే ఇంకో రెండు గంటలు ఆగాలి. 24 గంటలు దాటితే మాత్రం బీట తన దారి తాను చూసుకుని ఉంటుంది.

తడుపు

పోసిన సాయంత్రమే తడి గోనె సంచులు కప్పండి. గోనె సంచి అంటే జనపనార మిల్లుకి పేరుపడ్డ నెల్లిమర్ల గుర్తొచ్చే మా జిల్లాలో వాటికి కొదవ ఉండదు. కొత్త సంచులు రంగు దిగుతాయి కాబట్టి ఒకసారి ఉతికి వాడండి. గీత కోసిన తర్వాత మట్టి గట్లతో మడులు కట్టి నీళ్లు నిలపండి. వాలు ఉంది కాబట్టి ఒకే మడి కడితే నీరంతా గేటు వైపు చేరి, వెనక ఎండిపోతుంది. ఐదడుగులకొక అడ్డగట్టు చొప్పున నాలుగు మడులు కట్టాలి, ఒక్కో దాంట్లో అంగుళం నీరు చాలు.

ఐఎస్ 456 ప్రకారం పీపీసీ, స్లాగ్ సిమెంటులకి కనీసం 10 రోజుల తడుపు కావాలి. నేను 14 రోజులు పెట్టించాను. రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లడం తడుపు కాదు. మధ్యలో ఎండి మళ్లీ తడిసిన గచ్చుకే సన్న పగుళ్లు వస్తాయి. రాత్రి పడుకునే ముందు టార్చి వేసి మడులు చూసుకోండి, ఎలుక గట్టుకి బొక్క పెడితే తెల్లారేసరికి నీరుండదు. మొదటి రెండు రోజులు వీధి కుక్కలు, ఆవులు రాకుండా గేటుకి అడ్డం కట్టండి.

కారు ఎప్పుడు పెట్టాలి

మర్నాడు మనిషి నడవొచ్చు. వారానికి స్కూటరు పెట్టొచ్చు. కారు 14 రోజుల తర్వాత పెట్టినా, జాకీ వేయడం, బరువు నింపిన వ్యాను ఎక్కించడం 28 రోజులు నిండేదాకా వద్దు. కోసిన గీతని నెల దాటాక బ్రష్‌తో దులిపి, పొడిగా ఉన్న రోజు పాలీయురేథేన్ సీలెంటుతో నింపండి, గోడ వార థర్మోకోల్ పైఅంచు అర అంగుళం గీకి దాన్ని కూడా. ఎపాక్సీ రంగు వేయాలనుకుంటే ముందు ఒక పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపు వేసి గచ్చుకి అంటించి, ఒక రోజంతా ఉంచండి. తీసినప్పుడు లోపల చెమ్మ బొట్లు కనిపిస్తే ఇంకో నెల ఆగి, మళ్లీ అదే ముక్క అంటించి చూడండి.